యార్డులో వంక పెట్టిన పసుపుకే బయట గిరాకీ

(జిల్లా రైతు శిక్షణ తరగతుల్లో పసుపు రైతుల బృందం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఆన్‌లైన్‌లో లాభసాటిగా అమ్ముకునే మార్కెట్‌ను ఎట్లా వెతుక్కోవాలో చెప్పమని మమ్మల్ని ఇక్కడికి పిలిచారు. పొద్దున చాయ్ తాగేటప్పుడు ఒక పెద్దమనిషి మమ్మల్ని పట్టుకొని అడిగాడు. "మనం గిట్టుబాటు ధర కోసం కొట్లాడే సంఘం. ప్యాకెట్లు కట్టి అమ్ముకోమని చెప్పడానికి సంఘం ఎందుకు? అది వ్యాపారస్తుల పని కదా?" అన్నాడు. అడగవలసిన ప్రశ్నే. దానికి జవాబు చివర్లో చెప్తాం. ముందు మేము ఏం చేశామో, ఏం పోగొట్టుకున్నామో, ఏం మిగుల్చుకున్నామో దాపరికం లేకుండా చెప్తాం.

మేము ఆర్మూర్ ప్రాంతంలో పదకొండు పసుపు కుటుంబాలం. ఎవరికీ రెండెకరాలకు మించి పసుపు లేదు. మాలో పెద్దవాళ్లం ఎవరం పదో తరగతి దాటలేదు. ఫోన్ల పని పిల్లలు చూస్తారు. పసుపు పని మేము చూస్తాం. డబ్బు లెక్క మాత్రం ఆడవాళ్ల చేతిలో పెట్టాం. అది మేము చేసిన మంచి పనుల్లో మొదటిది.

పసుపు కష్టం మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. జూన్‌లో విత్తనం పెడితే జనవరి దాటాకే తవ్వుతాం. ఎనిమిది తొమ్మిది నెలల పంట. తవ్వినాక ఉడకబెట్టాలి, పది పదిహేను రోజులు కళ్లంలో ఎండబెట్టాలి, పాలిష్ పట్టాలి. ఐదు కిలోల పచ్చి పసుపు ఎండితే చేతికి వచ్చేది కిలోనే. ఇంత చేసి యార్డుకు తోలితే ధర చెప్పేది మనం కాదు. క్వింటాలు ఐదారు వేలకు పడిపోయిన ఏడ్లు చూశాం. పదిహేను వేలు దాటిన ఏడూ చూశాం. అన్ని ఏడ్లలోనూ మన చాకిరీ ఒక్కటే.

2019 పార్లమెంటు ఎన్నికల్లో నిజామాబాద్‌లో 185 మంది అభ్యర్థులు నిలబడ్డారు. వాళ్లలో 170 మందికి పైగా రైతులే. గెలుస్తామని కాదు, మన గోడు దేశానికి వినబడాలని వేసిన నామినేషన్లు అవి. పసుపు బోర్డు కావాలన్నాం, మద్దతు ధర కావాలన్నాం. 2025 జనవరిలో జాతీయ పసుపు బోర్డు నిజామాబాద్‌లో మొదలైంది. కేంద్రం మద్దతు ధర ప్రకటించే 22 పంటల్లో మాత్రం ఇప్పటికీ పసుపు లేదు.

అట్లాంటి ఒక ధర పడిపోయిన ఏడు, సరుకు ఇంట్లో పెట్టుకొని, పిల్లల ఫీజులకు అప్పు చేసుకొని, మేము ఆన్‌లైన్ వైపు చూశాం.

మొదటి ఏడు మేము చేసిన తప్పు

మొదట మేము అందరు చేసే పనే చేశాం. పసుపు పొడి కొట్టించాం. ఐదు వేల కవర్లు రంగురంగులుగా అచ్చు వేయించాం. "స్వచ్ఛమైన పసుపు, రైతు నుంచి నేరుగా" అని రాయించాం. ఒక పెద్ద ఆన్‌లైన్ అంగడిలో పెట్టాం. మూడు నెలల్లో పోయినవి నలభై ఒక్క ప్యాకెట్లు. అందులో సగం మా చుట్టాలే కొన్నారు. ఆ కవర్లు ఇప్పటికీ మా ఇండ్లలో ఉన్నాయి. పిల్లలు పెన్సిళ్లు పెట్టుకుంటున్నారు.

ఎందుకు పోలేదు? ఫోన్‌లో పసుపు పొడి అని కొట్టి చూడండి. పేరున్న కంపెనీల ప్యాకెట్లే వరుసగా వస్తాయి. వాళ్ల ధరకు మనం ఇవ్వలేం. వాళ్లు వందల టన్నులు కొంటారు, ప్రకటనలకు కోట్లు పెడతారు. అంగడివాడు కమీషన్ పట్టుకుంటాడు, పార్శిల్ ఖర్చు పట్టుకుంటాడు. "స్వచ్ఛమైనది" అని వాళ్లూ రాస్తారు, మనమూ రాస్తాం. వాళ్లది వదిలి మనది కొనడానికి కారణం ఏముంది? జాతరలో తప్పిపోయిన పిల్లగాడి లెక్క అయింది మా ప్యాకెట్టు.

తప్పు సరుకులో లేదు. ఎవరికి అమ్ముతున్నామో అనుకోకుండానే అమ్మకానికి పెట్టాం. అక్కడ పొరపాటు జరిగింది.

దారి చూపించిన ఫోన్

ప్యాకెట్టు మీద ఉన్న నంబరుకు ఒక రోజు హైదరాబాద్ నుంచి ఒక అక్క ఫోన్ చేసింది. "అన్నా, నాకు పొడి వద్దు. కొమ్ములు ఉన్నాయా? పాలిష్ పట్టనివి కావాలి" అన్నది. మాకు నవ్వొచ్చింది. పాలిష్ లేని కొమ్ము యార్డుకు తీసుకుపోతే ఖరీదుదారు చేతిలోకి తీసుకొని, వంక పెట్టి, ధర తగ్గిస్తాడు. ఆ వంక ఉన్న సరుకే ఈమె అడుగుతున్నది.

ఎందుకమ్మా అని అడిగితే చెప్పింది. ఇంట్లో రెండేండ్ల బిడ్డ ఉన్నది. పొడిలో ఏం కలిపారో కంటికి కనబడదు. పాలిష్ పట్టేటప్పుడు మెరుపు కోసం రంగు చల్లుతారని విన్నది. కొమ్ము అయితే తానే కడిగి, ఎండబెట్టి, మర పట్టించుకుంటది. ఆమె భయం ఉత్తది కాదు. పసుపు మెరవడానికి లెడ్ క్రోమేట్ అనే సీసం రంగు కలుపుతున్నారని బంగ్లాదేశ్‌లో 2019లో పరిశోధకులు బయటపెట్టారు. సీసం పసిపిల్లల మెదడుకు చేటు.

ఆమెకు ఐదు కిలోలు పంపాం. వారం తిరగకుండా అదే అపార్టుమెంటు నుంచి ఇంకో నలుగురు అడిగారు. నాలుగు రంగుల కవర్లు అమ్మలేని సరుకును ఒక తల్లి మాట అమ్మింది.

అప్పుడు మేము ఒక నోటుబుక్కు పెట్టుకున్నాం. ఫోన్ చేసిన ప్రతి మనిషి దగ్గర మూడు సంగతులు అడిగి రాయాలి. ఏం కావాలి, ఎందుకు కావాలి, ఇప్పటిదాకా ఎక్కడ కొంటున్నారు. కొన్నా కొనకపోయినా రాయాలి. రెండు నెలలు రాశాక చదువుకుంటే మూడు రకాల మనుషులు తేలారు.

ఒకటి, పసిపిల్లలున్న ఇండ్లు. వీళ్లకు పాలిష్ లేని కొమ్ములు కావాలి. ఏడాదికి రెండు మూడు కిలోలు చాలు. కానీ ప్రతి ఏడూ కొంటారు, పక్కింటికి చెప్తారు.

రెండు, పెండ్లి ఇండ్లు. పసుపు దంచడానికి, మంగళస్నానానికి, వచ్చిన ముత్తయిదువలకు ఇవ్వడానికి విరగని నిండు కొమ్ములు కావాలి. వీళ్లు ధర దగ్గర ఎక్కువ బేరమాడరు. కానీ ముహూర్తానికి ముందు అందాలి. ఒక్క రోజు ఆలస్యమైతే ఆ సరుకు వాళ్లకు పనికిరాదు, మన మాట కూడా పనికిరాదు.

మూడు, ఇంటి దగ్గర పచ్చళ్లు పెట్టి అమ్ముకునే ఆడవాళ్లు. వీళ్లకు అందం అవసరం లేదు. ఆవకాయ కాలానికి ముందే, ఏప్రిల్‌లోపు, పది కిలోల చొప్పున కావాలి. యార్డులో గోళకు కొమ్ము కన్నా తక్కువ ధర పలుకుతుంది. వీళ్లు గోళనే అడిగి తీసుకుంటారు, ఎట్లాగూ దంచేదే కదా.

మేము నేర్చుకున్న ఒక్క సంగతి చెప్పమంటే ఇదే చెప్తాం. పెద్ద మార్కెట్ దేనికి వంక పెడుతుందో, దాన్నే వెతుక్కుంటున్న కొద్దిమంది ఎక్కడో ఉంటారు. వాళ్లు యార్డుకు రారు. మనకు వాళ్లు తెలియదు, వాళ్లకు మనం తెలియదు. ఫోను ఆ ఇద్దరినీ కలుపుతుంది. అంతకు మించి దానిలో మాయ లేదు.

అన్ని పంటలకూ ఇది కుదరదు

ఇది విని రేపు పొద్దున అందరూ ప్యాకెట్లు కట్టడం మొదలుపెట్టకండి. మీ పంట గురించి నాలుగు ప్రశ్నలు వేసుకోండి. దీన్ని తినేవాడు ఎవడు? వాడికి కావలసిన తీరుగా వాడి వీధి దుకాణంలో ఎందుకు దొరకడం లేదు? వారం రోజులు బస్సుల్లో, లారీల్లో తిరిగినా సరుకు చెడకుండా ఉంటదా? ఒకసారి కొన్నవాడు మళ్లీ కొంటాడా?

టమాటా రైతుకు మూడో ప్రశ్న దగ్గరే ఆగిపోతుంది. మామిడికి గిరాకీ ఉన్నది, మళ్లీ కొంటారు, కానీ కాయ నాలుగు రోజులకు మెత్తబడుతుంది. దగ్గరి పట్నం దాటి పంపితే నష్టం మీదనే వేసుకోవాలి. తాండూరు కందిపప్పు లాంటిదానికి నాలుగు ప్రశ్నలకూ జవాబు ఉన్నది. దానికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, పేరు చెప్పి అడిగేవాళ్లు ఉన్నారు. మా దగ్గర పండే ఎర్రజొన్నకు మొదటి ప్రశ్నకే జవాబు లేదు. అది పశువుల మేతకు విత్తనంగా ఉత్తర రాష్ట్రాలకు పోయే పంట. దానికి ఇంటి గిరాకీ ఉండదు. అక్కడ ఆన్‌లైన్ ముచ్చట చెప్పడం రైతును మోసం చేయడమే. ఆ పంటకు విత్తన వ్యాపారుల దగ్గర ధర కోసం కొట్లాడటమే దారి.

పైసల లెక్క

ఇప్పుడు లెక్క చూద్దాం. యార్డు ధర క్వింటాలు 12 వేలు అనుకుందాం. అంటే కిలో 120. అదే కొమ్ము కిలో 240కి అమ్మామనుకుందాం. రెట్టింపు వచ్చిందని సంబరపడతాం. ఆగండి.

కిలో పార్శిల్ పంపితే కొరియర్ 60. అట్టపెట్టె, సంచి, అచ్చుకాగితం 12. ఏరడానికి, కట్టడానికి కూలి 15. పరీక్షలకు, రిజిస్ట్రేషన్‌కు కిలోకు 5. విరిగినవి, వాపసు వచ్చినవి సగటున 8. అన్నీ కలిపితే వంద రూపాయలు పోయాయి. మిగిలింది 140. యార్డు ధర కన్నా ఎక్కువ వచ్చింది ఇరవై రూపాయలే. మన ఇంటి మనుషులు ఫోన్లు ఎత్తిన కష్టం దీనిలో కలపలేదు.

అందుకే కిలో పార్శిళ్లు తగ్గించుకున్నాం. ఐదు కిలోల పెట్టె ఒక్కటే పంపుతాం, మీరు మీరు పంచుకోండి అని చెప్పాం. కొరియర్ కిలోకు 30కి దిగింది. కట్టే ఖర్చు 6కు దిగింది. ధర 20 తగ్గించి 220కే ఇచ్చాం. అప్పుడు ఖర్చులన్నీ 64. మిగిలింది 156. యార్డు మీద కిలోకు 36 ఎక్కువ. కొన్నవాళ్లకూ మేలు, మనకూ మేలు. లాభం అమ్మిన ధరలో కాదు, పంపిన తీరులో దొరికింది.

మీ లెక్కలు వేరే ఉంటాయి. కానీ కాగితం మీద రాయకుండా ఒక్క పెట్టె కూడా పంపకండి.

మేము తిన్న దెబ్బలు

రెండో ఏడు వానకాలంలో నలభై కిలోలు బూజు పట్టి వాపసు వచ్చాయి. ఎవరి తప్పూ కాదు, మాదే. గిరాకీ ఉన్నదని తొందరపడి పూర్తిగా ఆరని కొమ్ములను ప్లాస్టిక్ కవర్లలో కట్టాం. ఎండిన పసుపులో తేమ పది శాతం లోపు ఉండాలి. కొమ్ము విరిస్తే టక్కుమని విరగాలి, వంగకూడదు. ఆ నలభై కిలోల డబ్బులు అందరికీ తిరిగి ఇచ్చేశాం. ఇచ్చినందుకే వాళ్లలో చాలామంది మళ్లీ కొన్నారు.

ఇంకో దెబ్బ పెద్దది. మాలో ఒక కుటుంబం మూడు ఆర్డర్లు చూసి ఆశపడ్డది. అప్పు తెచ్చి పొడి కొట్టే మిషను, ప్యాకింగ్ మిషను కొన్నది. ఇప్పుడు అవి రేకుల షెడ్డులో టార్పాలిన్ కింద ఉన్నాయి. వాయిదాలు మాత్రం ప్రతి నెలా కడుతున్నారు. ఆ అన్న ఇవాళ ఈ సభలోనే ఉన్నాడు. తన సంగతి చెప్పమని తనే అన్నాడు. "నా లెక్క ఇంకొకడు కావద్దు" అన్నాడు. గిరాకీ నిలబడిందని రెండేండ్లు చూశాకే మిషను. అప్పటిదాకా ఊళ్లో మర చాలు.

అప్పటినుంచి మేము ఒక కట్టుబాటు పెట్టుకున్నాం. ఎవరి పంటలోనూ పదో వంతు కన్నా ఎక్కువ ఆన్‌లైన్‌కు పెట్టొద్దు. మిగతాది యార్డుకే. అమ్ముడుపోకపోతే ఇల్లు కూలకూడదు.

రాసేటప్పుడు జాగ్రత్త

తిండి వస్తువు అమ్మేటప్పుడు ఆహార భద్రత సంస్థ రిజిస్ట్రేషన్ ఉండాలి. మేము తీసుకున్నప్పుడు ఏడాదికి 12 లక్షల లోపు అమ్మకం ఉన్న చిన్నవాళ్లకు ఫీజు ఏడాదికి వంద రూపాయలే. దానికోసం వేలు అడిగే దళారులు తిరుగుతున్నారు, నమ్మకండి. ప్యాకెట్టు మీద కట్టినవాళ్ల పేరు, చిరునామా, బరువు, గరిష్ఠ ధర, కట్టిన నెల, ఫిర్యాదు నంబరు, పద్నాలుగు అంకెల రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. జీఎస్టీ సంగతి అమ్మే సరుకును, అమ్మే దారిని బట్టి ఉంటుంది. లెక్కలు తెలిసిన మనిషిని ముందే కూర్చోబెట్టి అడగండి.

"మా పసుపుతో క్యాన్సర్ తగ్గుతుంది, షుగర్ తగ్గుతుంది" అని రాయకండి. తప్పుదోవ పట్టించే ప్రకటనకు చట్టంలో పది లక్షల దాకా జరిమానా ఉన్నది. జరిమానా లేకపోయినా అది అబద్ధం. "సేంద్రియ" అని కూడా ఊరికే రాయకండి. దానికి ధ్రువీకరణ పద్ధతులు ఉన్నాయి. మేము యూరియా వాడతాం. అడిగినవాళ్లకు వాడతామనే చెప్తాం. "పాలిష్ పట్టలేదు, రంగు వేయలేదు, ఫలానా నెలలో తవ్వాం" అని మాత్రమే రాస్తాం. చేసిందే రాస్తాం కాబట్టి ఎవరు వచ్చి చూసినా భయం లేదు.

ఆన్‌లైన్ అంగడిలోనే అమ్మాలని లేదు. మాకు వాట్సాప్ గ్రూపు చాలింది. డబ్బు యూపీఐలో ముందే వస్తుంది, అప్పు లేదు. కొన్నవాళ్ల పేర్లు, నంబర్లు మన నోటుబుక్కులో ఉంటాయి. అంగడివాడి దగ్గర అమ్మితే కొన్నవాడు ఎవరో వాడికే తెలుస్తుంది, మనకు తెలియదు. రేపు వాడు కమీషన్ పెంచితే మనం మళ్లీ పాత అడ్తి కింద ఉన్నట్టే.

పొద్దున అడిగిన ప్రశ్నకు జవాబు

ఇప్పుడు ఆ పెద్దమనిషి ప్రశ్నకు వస్తాం. పోయిన ఏడు మేము ఈ తీరుగా వెయ్యి కిలోలు అమ్మాం. కిలోకు 36 చొప్పున లెక్కేస్తే 36 వేలు. పదకొండు ఇండ్లు పంచుకుంటే ఇంటికి మూడు వేల పైచిలుకు. పిల్లల పుస్తకాలకు పనికొచ్చింది, కాదనం.

ఇంకో లెక్క చూడండి. రెండెకరాల రైతుకు ఎకరానికి ఇరవై క్వింటాళ్ల చొప్పున నలభై క్వింటాళ్లు. యార్డులో ధర క్వింటాలుకు మూడు వేలు పడిపోతే ఆ ఒక్క ఇంటికే లక్షా ఇరవై వేల నష్టం. మూడు వేలు ఒక పక్క, లక్షా ఇరవై వేలు ఇంకో పక్క. ఆన్‌లైన్ మనల్ని గట్టెక్కిస్తుందని ఎవరైనా వేదికల మీద చెప్తే ఈ రెండు అంకెలు వాళ్ల ముందు పెట్టండి. "రైతే వ్యాపారి కావాలి" అని చెప్పి ధర బాధ్యత నుంచి తప్పుకునే మాటలు మేము చాలా విన్నాం. పసుపుకు మద్దతు ధర, ధర పడినప్పుడు ప్రభుత్వ కొనుగోలు, యార్డులో న్యాయమైన తూకం, ఇవి లేకుండా ఏ ఫోనూ మనల్ని నిలబెట్టదు.

మరి ఎందుకు చేస్తున్నాం? డబ్బు కోసం మాత్రమే కాదు. ఇంతకు ముందు యార్డులో ఖరీదుదారు మన పసుపు ఇంతే చేస్తుందంటే తలవంచుకొని ఊకునేవాళ్లం. మన సరుకు విలువ ఏంటో మనకే తెలియదు. ఇప్పుడు తెలుసు. తినేవాడు ఎంత ఇస్తాడో, మధ్యలో ఎవరు ఎంత తీసుకుంటున్నారో మా నోటుబుక్కులో రాసి ఉన్నది. పోయిన సీజన్‌లో యార్డు అధికారుల దగ్గర ధర మీద మాట్లాడటానికి పోయినప్పుడు ఆ నోటుబుక్కు తీసుకొని పోయాం. మమ్మల్ని వెళ్లగొట్టలేకపోయారు. కూర్చోబెట్టి విన్నారు. పట్నంలో మా పసుపు తినే తల్లులు కొందరు, "మీకు మద్దతు ధర ఎందుకు లేదన్నా?" అని వాళ్లంతట వాళ్లే అడుగుతున్నారు. రేపు మనం ధర్నాకు కూర్చుంటే మన గోడు వినే మనుషులు పట్నంలో కొందరైనా ఉంటారు.

కాబట్టి పెద్దమనిషీ, ఇది కూడా సంఘం పనే. ఒక్కడు చేస్తే వ్యాపారం, పదకొండు ఇండ్లు లెక్క పంచుకొని చేస్తే సంఘం. ఈ తరగతుల నుంచి పోయేటప్పుడు ఒక నోటుబుక్కు కొనుక్కొని పోండి. మీ పంట తినే పది మంది ఇండ్లను కలవండి. ఏం కావాలి, ఎందుకు కావాలి, ఎక్కడ కొంటున్నారు అని రాయండి. అమ్మడం తర్వాత చూద్దాం.

వచ్చే నెల మద్దతు ధర ధర్నాకు మాత్రం అందరూ రావాలి. మేము పదకొండు ఇండ్లూ వస్తున్నాం. నోటుబుక్కు కూడా తెస్తాం.

సెలవు. జై కిసాన్!